వైద్యములో మూడవ మెట్టు : పునరావాస వైద్యశాఖ పుట్టుక

జ్వరము తగ్గినది, గాయము మానినది, విరిగిన యెముక అతుకుకొన్నది. ఇక ఇంటికి పోవచ్చునని వైద్యుడు సెలవిచ్చెను. కాని రోగి తనంతట తాను మంచము దిగలేడు, అన్నము కలుపుకొనలేడు, చొక్కాకు బొత్తాము పెట్టుకొనలేడు, జబ్బు పడుటకు ముందు చేసిన పనికి తిరిగి పోలేడు. ఇట్టి మనుష్యుని విషయమున వైద్యశాస్త్రము చేయవలసిన దేమైన మిగిలియున్నదా? ఇరువదవ శతాబ్దపు మొదటి సగములో పెక్కు వైద్య కళాశాలలు ఈ ప్రశ్నను వేసుకొననే లేదు. ప్రాణము నిలుపుట వైద్యుని వంతు, ఆ పైన జరుగవలసినది బంధువుల వంతు అని లోకము తలచుచుండెను.

నేడు ఆ ప్రశ్నకు సమాధాన మిచ్చుటకు వైద్యములో ఒక ప్రత్యేక శాఖ యున్నది. దానికి పునరావాస వైద్యమని పేరు. రోగము రాకుండ చూచుట మొదటి మెట్టు. వచ్చిన రోగమును కుదుర్చుట రెండవ మెట్టు. రోగము విడిచిపోయిన తరువాత మిగిలిన లోపముతోనే మనుష్యుని తిరిగి ఇంటిలో, వీధిలో, పనిలో నిలబెట్టుట మూడవ మెట్టు. ఈ శాఖను నెలకొల్పిన వారిలో ముఖ్యుడైన అమెరికా వైద్యుడు హోవర్డ్ రస్క్ దీనిని వైద్యములోని మూడవ దశ యని పిలిచెను. ఈ మూడవ మెట్టు విశ్వవిద్యాలయములోనికి ఎట్లు ప్రవేశించినది, ప్రవేశించుటవలన కలిగిన మేలేమి అను సంగతులను ఇచ్చట తెలిసికొందము.

మంచము చేయు హాని

ఒకప్పుడు వైద్యులు విశ్రాంతిని మందువలె వాడిరి. గుండెపోటు వచ్చినవారిని, శస్త్రచికిత్స జరిగినవారిని వారముల తరబడి మంచము దిగనిచ్చెడివారు కారు. విశ్రాంతి ఎంత యెక్కువైన అంత మంచిదని నమ్మిరి. 1944లో విలియం డాక్ అను అమెరికా వైద్యుడు సంపూర్ణ విశ్రాంతివలన కలుగు కీడులను గూర్చి వ్రాసి ఈ నమ్మకమును ప్రశ్నించెను.

1948లో కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన డైట్రిక్, వీడన్, షార్ అను పరిశోధకులు ఒక ప్రయోగ ఫలితములను ప్రకటించిరి. ఆరోగ్యవంతులైన నలుగురు యువకులు ఆ ప్రయోగమునకు స్వయముగ ముందుకు వచ్చిరి. వారికి నడుము మొదలు పాదముల వరకు ప్లాస్టరు కట్టి ఆరేడు వారములు పరుండబెట్టిరి. వారికి రోగమేమియు లేదు. తిండికి లోటు లేదు. ఐనను వారి యెముకలలోని కాల్షియము మూత్రము ద్వారా అధికముగ బయటికి పోసాగెను. కండరములలోని మాంసకృత్తులు కరగి వానిలోని నత్రజని నష్టమయ్యెను. కాళ్లు సన్నబడెను. నిటారుగ నిలబెట్టినపుడు రక్తప్రసరణము మునుపటివలె సర్దుకొనలేకపోయెను. ప్లాస్టరు విప్పిన తరువాత మామూలు స్థితికి వచ్చుటకు వారములు పట్టెను.

ఇట్లేల జరిగినది? ఎముక రాయివంటి జడపదార్థము కాదు. పాత ఎముక కరగుచు, క్రొత్త ఎముక ఏర్పడుచు నుండును. దేహభారము పడుచున్నంతవరకు ఈ రెండు పనులు సమముగ సాగును. భారము తొలగినచో కరగుట హెచ్చి కట్టుట తగ్గును. కండరము సంగతియు ఇంతే. వాడని కత్తి త్రుప్పు పట్టునను సామెత దీనికి సరిపోవును. అంతరిక్షమున భారరహిత స్థితిలో నెలలు గడపిన వ్యోమగాముల యెముకలు, కండరములు క్షీణించుటకును కారణమిదియే. అందువలననే వారు అంతరిక్ష కేంద్రములో ప్రతిదినము వ్యాయామము చేయుదురు.

పడక పుండ్లు మరియొక హాని. చర్మమునకు రక్తమందించు కేశనాళికలలోని పీడనము సుమారు 32 మిల్లీమీటర్ల పాదరసమునకు సమానము. కదలక పరుండినవాని పిరుదుల వద్ద, మడమల వద్ద ఎముకకును పరుపునకును నడుమ నలిగిన చర్మముపై అంతకు మించిన ఒత్తిడి పడును. రక్తము ఆగిన చోట కణములు చచ్చి పుండు పడును. మనము నిద్రలో తెలియకనే ఎన్నో మారులు ప్రక్కకు ఒత్తిగిలుదుము. స్పర్శ కోల్పోయినవానికి ఒత్తిగిలవలెనను హెచ్చరికయే అందదు. ఈ పుండ్లనుండి, మూత్రాశయమునుండి విషక్రిములు రక్తములో ప్రవేశించి ప్రాణము తీయును. వెన్ను విరిగినవారు పూర్వము చనిపోయినది చాలవరకు వెన్ను విరుగుటవలన కాదు, ఆ పిమ్మట మంచములో జరిగిన నిర్లక్ష్యమువలన.

మరచిన పాఠము, తిరిగి నేర్చిన పాఠము

మొదటి ప్రపంచ యుద్ధము ఈ సంగతిని కొంత తెలియజేసినది. 1918లో అమెరికా సైన్యము గాయపడిన సైనికులకు మర్దనము, వ్యాయామము, చేతిపనులు నేర్పుటకు యువతులను చేర్చుకొని, వారికి తరిఫీదిచ్చి, ఆసుపత్రులకు పంపెను. నేటి ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ వృత్తులు అమెరికాలో ఆనాటి కృషినుండియే బలపడినవి. కాని యుద్ధము ముగిసినది, సైనికాసుపత్రులు చాల మూతపడినవి. వైద్య విద్యార్థి చదువు పుస్తకములోనికి ఆ పాఠము ఎక్కలేదు. చదువులో చేరని విద్య దానిని చేసిన చేతులతోనే పోవును.

దాని ఫలితమెట్టిదో రస్క్ తన ఉపన్యాసములలో ఒక లెక్కతో చెప్పుచుండెను. మొదటి యుద్ధములో వెన్నుపాము తెగి కాళ్లు పడిపోయిన అమెరికా సైనికులు సుమారు 400 మంది. వారిలో అత్యధికులు కొలది నెలలలోనే మరణించిరి. రెండవ యుద్ధములో అట్టివారు సుమారు 2,500 మంది. ఇరువది యేండ్ల తరువాత చూడగా వారిలో నాలుగింట మూడు వంతుల మంది జీవించియే యుండిరి. సల్ఫా మందులు, పెనిసిలిన్ ఈ మార్పునకు తోడ్పడిన మాట నిజము. కాని మందులు మాత్రమే వారిని ఉద్యోగములకు పంపలేదు.

ఆ రెండవ యుద్ధకాలముననే ఇంగ్లండులో స్టోక్ మాండవిల్ ఆసుపత్రి యందు లుడ్విగ్ గుట్‌మన్ అను వైద్యుడు వెన్నుపాము దెబ్బతిన్నవారికై 1944 ఫిబ్రవరిలో ఒక ప్రత్యేక విభాగము తెరచెను. ఈయన హిట్లరు ప్రభుత్వపు బాధలు పడలేక 1939లో జర్మనీ విడిచివచ్చిన యూదుడు. ఆయన విధించిన మొదటి నియమము చాల సామాన్యమైనది. పగలనక రాత్రి యనక ప్రతి రెండు గంటలకు ఒకమారు రోగిని ప్రక్కకు తిప్పవలెను. ఈ ఒక్క నియమముతోనే పడక పుండ్లు చాల తగ్గినవి. 1948 జులైలో ఆయన 16 మంది రోగులకు చక్రాల కుర్చీలలో కూర్చుండియే విలువిద్య పోటీ నడిపెను. నేటి పారాలింపిక్ క్రీడలకు అదియే బీజము.

అమెరికాలో రస్క్ అనుభవము వేరు. ఆయన 1901లో మిస్సోరీ రాష్ట్రములో పుట్టి, సెయింట్ లూయీ నగరములో వైద్యము చేయుచుండెను. 1942లో సైనిక విమానదళములో చేరి జెఫర్సన్ బారక్స్ ఆసుపత్రిలో పనిచేసెను. అచ్చట జబ్బు తగ్గిన సైనికులు దినమంతయు ఊరక పరుండి కాలము గడపుట ఆయన చూచెను. వారిని దళములకు పంపగా బలము చాలక కొందరు మరల ఆసుపత్రికి తిరిగి వచ్చుచుండిరి. అందువలన ఆయన మంచములో నున్నపుడే వారికి వ్యాయామము, పాఠములు ఆరంభించెను. విమానముల నమూనాలను పడకలపైన వ్రేలాడదీయించి, పరుండియే వానిని గుర్తుపట్టుట నేర్పించెను. రోగికి పని కలిగినది. సైన్యమునకు శిక్షణ పొందిన మనిషి దొరికెను. ఈ పద్ధతి త్వరలోనే విమానదళపు ఆసుపత్రులన్నిట వ్యాపించెను.

అయితే కాళ్లు చేతులు పోయినవారు, కన్నులు పోయినవారు, వెన్ను విరిగినవారు వచ్చినపుడు వ్యాయామము, పాఠములు చాలవని రస్క్ గ్రహించెను. అట్టివారికై ప్రత్యేక కేంద్రములు తెరువబడెను. యుద్ధము ముగియుచుండగా ఆయనకు ఒక సందేహము కలిగెను. సైనికునకు జరిగిన ఈ మేలు కర్మాగారములో చేయి తెగిన కూలికి, పక్షవాతము వచ్చిన తల్లికి, పోలియో వచ్చిన బిడ్డకు జరుగునా? లేక మొదటి యుద్ధము తరువాత జరిగినట్లు ఇదంతయు మరల మరుగునపడిపోవునా?

విశ్వవిద్యాలయపు గడప

ఈ విద్యకు కళాశాలలో చోటుండవలెనని రస్క్ కంటె ముందే తలచినవాడు ఫ్రాంక్ క్రూసెన్. వైద్యుడుగ శిక్షణ పొందుచుండగనే ఆయనకు క్షయ సోకి శానిటోరియములో నుండవలసివచ్చెను. దీర్ఘకాలము పరుండిన తోటి రోగులు ఎట్లు నీరసించిపోవుదురో ఆయన స్వయముగ చూచెను. 1929లో ఫిలడెల్ఫియా నగరములోని టెంపుల్ విశ్వవిద్యాలయమున భౌతిక చికిత్సా శాఖను ఆరంభించెను. తరువాత మేయో క్లినిక్కునకు పోయి, ఈ శాఖలో మూడేండ్ల వైద్యశిక్షణను ఏర్పరచెను. ఈ వైద్యులకు ‘ఫిజియాట్రిస్టు’ అను పేరును సూచించినదియు ఆయనయే. ప్రకృతి, వైద్యుడు అను అర్థములు గల రెండు గ్రీకు మాటలు కలిసి ఆ పేరైనవి.

ధనసహాయము బెర్నార్డ్ బరూక్ అను సంపన్నుని వలన వచ్చెను. ఆయన తండ్రి సైమన్ బరూక్ జలచికిత్సలో ప్రసిద్ధుడైన వైద్యుడు. తండ్రి జ్ఞాపకార్థము బెర్నార్డ్ బరూక్ ఒక సంఘమును నియమించి, 11 లక్షల డాలర్లు కేటాయించెను. ఆ ధనములో గొప్ప భాగము కొలంబియా, న్యూయార్కు, వర్జీనియా వైద్య విద్యాలయములకు చేరినది. ఆసుపత్రులు కట్టుటకు కాక, ఉపాధ్యాయులను తయారుచేయుటకును పరిశోధనకును ఈ ధనమును వినియోగించుట గమనింపదగినది.

న్యూయార్కు విశ్వవిద్యాలయము రస్క్‌ను ఆహ్వానించెను. 1946లో ఆయన అచ్చట పునరావాస, భౌతిక చికిత్సా శాఖకు అధిపతియయ్యెను. తోటి వైద్యులలో కొందరికి ఇది వ్యర్థప్రయత్నముగ తోచెను. నయముకాని రోగులపై ఖర్చేల యని వారి వాదము. 1947లో నగరపు ధర్మాసుపత్రియైన బెల్‌వ్యూలో రస్క్ శాఖకు వార్డు దొరికెను. అచ్చటికి వచ్చిన రోగులు పేదవారు. ఆనాటి ఆసుపత్రులలో ‘చేయదగినదేమియు లేదు’ అని వ్రాసి మూలన పరుండబెట్టబడినవారే పెక్కుమంది. వారిలో కొందరు తమ కాళ్లపైన నిలువబడి ఇంటికి పోయిన తరువాత ఆ వాదము బలము తగ్గినది. 1951లో శాఖకు స్వంత భవనము ఏర్పడెను.

అదే కాలమున మరియొక ముఖ్యమైన పని జరిగినది. 1947లో అమెరికాలో ఈ శాఖకు ప్రత్యేక వైద్యమండలి ఏర్పడి, పరీక్షలో కృతార్థులైనవారికి మాత్రమే నిపుణులుగ గుర్తింపు నిచ్చుట ఆరంభించెను. 1949లో ఆ మండలి పేరునకు ‘పునరావాసము’ అను మాట చేర్చబడెను. యుద్ధముతో ముగిసిపోవలసిన పని పరీక్ష, పట్టము, పాఠ్యక్రమము గల విద్యగా మారినది.

శాఖలో జరుగు పని

ఇట్టి శాఖలోనికి పోయి చూచినవారికి మొదట ఆశ్చర్యము కలిగించునది మందుల కంటె మనుష్యులు ఎక్కువగ కనబడుట. వైద్యుడు, నర్సు, ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, మాట నేర్పువారు, కట్లు, కృత్రిమావయవములు చేయువారు, మనస్తత్త్వవేత్త, సంఘ సేవకులు, ఉద్యోగ సలహాదారు ఒకే బల్ల చుట్టు కూర్చుండి ఒక్కొక్క రోగిని గూర్చి చర్చింతురు. అందులో ఎవ్వరి మాటయు ఒంటిగ చాలదు. కృత్రిమ పాదము ఎంత చక్కగ కుదిరినను, మూడవ అంతస్తులో నివసించువానికి మెట్లెక్కుట రానిచో అది గోడకు చేరవేసిన కర్రయే యగును.

మొదటి పని కొలత. కండరబలమును 0 నుండి 5 వరకు అంకెలతో గుర్తింతురు. కదలిక బొత్తిగ లేనిచో 0. కండరము అదరి కదలిక రానిచో 1. భూమ్యాకర్షణ అడ్డురాని దిశలో మాత్రము కదలినచో 2. భూమ్యాకర్షణకు ఎదురుగ కదలినచో 3. కొంత అడ్డును త్రోసి కదలినచో 4. సంపూర్ణ బలము 5. ఈ పద్ధతికి పునాది 1910 దశకములో పోలియో బిడ్డలను పరీక్షించిన డాక్టరు లవెట్ బృందము వేసినది. పై లెక్కలో 2, 3 అంకెలను వేరుచేయునది భూమ్యాకర్షణ యని విద్యార్థులు గమనింపవలెను.

రెండవ కొలత దినచర్యది. న్యూయార్కులో జార్జి డీవర్, మేరీ ఎలినార్ బ్రౌన్ అనువారు 1945లో మనుష్యుడు దినదినము చేయు పనులను పట్టికగ వ్రాసిరి. మంచములో ఒత్తిగిలుట, లేచి కూర్చుండుట, ముఖము కడుగుకొనుట, బట్టలు వేసికొనుట, తినుట, కుర్చీలోనికి మారుట, నడచుట, బస్సు ఎక్కుట. ఈ పట్టికలోని ప్రతి పనికి ‘చేయగలడు’, ‘సహాయముతో చేయగలడు’, ‘చేయలేడు’ అని గుర్తుపెట్టిరి. చూచుటకు ఇది చాకలి పద్దువలె సామాన్యముగ నుండును. కాని వైద్యుని దృష్టి దీనితో మారినది. ‘ఈ రోగికి ఏ జబ్బున్నది?’ అను ప్రశ్న ప్రక్కన ‘ఈ మనుష్యుడు ఏమి చేయగలడు?’ అను ప్రశ్న నిలిచినది. చేయలేని ప్రతి పనియు ఒక పాఠమైనది. నేడు ప్రపంచమంతట ఉపయోగించుచున్న దినచర్యా కొలమానములలో పెక్కు ఈ వంశమునకు చెందినవే.

వెన్నుపాము దెబ్బతిన్నవానిని ఉదాహరణముగ తీసికొందము. వెన్నుపామునుండి 31 జతల నాడులు బయలుదేరును. మెడ వద్ద 8, రొమ్ము వద్ద 12, నడుము వద్ద 5, త్రికము వద్ద 5, తోక యెముక వద్ద 1. దెబ్బ తగిలిన చోటికి దిగువనున్న నాడులకు మెదడు ఆజ్ఞలు అందవు. తెగిన వెన్నుపామును తిరిగి అతుకు ఉపాయము నేటికిని మన చేతికి రాలేదు. కనుక మిగిలియున్న నాడులతో ఎంత పని చేయింపవచ్చునో చూడవలెను. దెబ్బ రొమ్ము మధ్యమున తగిలినచో కాళ్లు పోయినను చేతులు నిండు బలముతో నుండును. అతనికి భుజముల బలము పెంచి, చేతులపై దేహమును పైకెత్తి మంచమునుండి కుర్చీలోనికి దాటుట నేర్పుదురు. గంటకు కొన్ని మారులు కుర్చీలో పైకెత్తుకొనుట నేర్పినచో పడక పుండు రాదు. మూత్రాశయమును వేళకు ఖాళీ చేసికొనుట నేర్పినచో మూత్రపిండములు చెడవు.

దెబ్బ మెడలో ఆరవ నాడి వద్ద తగిలినచో స్థితి మరింత కష్టము. వ్రేళ్లు ముడుచుకొను బలము పోవును. మణికట్టును వెనుకకు వంచు బలము మాత్రము మిగులును. ఐనను అట్టివాడు గ్లాసు పట్టుకొనగలడు. ఎట్లనగా, మీ చేతిని వదులుగ వ్రేలాడవిడిచి, మణికట్టును మెల్లగ వెనుకకు వంచి చూడుడు. వ్రేళ్లు వాటంతట అవియే ముడుచుకొనును. మణికట్టును క్రిందికి వాల్చుడు, అవి విచ్చుకొనును. వ్రేళ్ల స్నాయువులు మణికట్టును దాటి పోవుచుండుటయే దీనికి కారణము. ఈ సహజమైన బిగువును చెడకుండ కాపాడి, దానితో వస్తువులను పట్టుట నేర్పుదురు. ఉపాధ్యాయులు తరగతిలో ఈ పరీక్షను నిమిషములో చేసి చూపవచ్చును.

ఇంటిపని కూడ ఈ శాఖకు శాస్త్రవిషయమే యైనది. కర్మాగారములలో పనివారి కదలికలను కొలిచి శ్రమను తగ్గించుటలో పేరుపొందిన ఇంజనీరు లిలియన్ గిల్‌బ్రెత్ రస్క్ శాఖతో కలిసి పనిచేసి, గుండెజబ్బు గల స్త్రీలకు, ఒక చేతితోనో చక్రాల కుర్చీలోనో పని చేయువారికి అనువైన వంటగదిని రూపొందించెను. పొయ్యి, నీళ్ల తొట్టి, సామానుల అర చేతికందు దూరములో నున్నచో ఎన్ని అడుగులు, ఎన్ని వంగుటలు తగ్గునో ఆమె లెక్కించెను. మనుష్యుని మార్చుట సాధ్యము కానిచోట గదిని మార్చవచ్చునను ఈ ఆలోచన తరువాతి కాలమున వీధులకు, బడులకు, రైలుపెట్టెలకు వ్యాపించినది.

పోలియో కాలము

1952లో అమెరికాలో 57 వేలకు పైగా పోలియో కేసులు వచ్చినవి. ఆస్ట్రేలియా నర్సు ఎలిజబెత్ కెన్నీ 1940లో అమెరికాకు వచ్చి, పోలియో బిడ్డల కాళ్లు చేతులను బద్దలతో బిగించి కట్టు ఆనాటి ఆచారమును ఎదిరించెను. ఆమె వేడి గుడ్డలతో కండరములను సడలించి, మెల్లగ కదలించి, బిడ్డకు కండరమును తిరిగి వాడుట నేర్పెను. ఆమె చెప్పిన సిద్ధాంతములలో కొన్ని నిలువలేదు. చికిత్స మాత్రము నిలిచినది. మిన్నెసోటా విశ్వవిద్యాలయ వైద్యులు ఆమె పద్ధతిని పరీక్షించుటవలన అది వైద్యవిద్యలో భాగమయ్యెను. విశ్వవిద్యాలయము చేయు మేలు ఇదియే: ఉపాయమును తీసికొని, పొల్లును చెరిగివేసి, గింజను నిలుపును.

1954లో అమెరికా ప్రభుత్వము చేసిన వృత్తి పునరావాస చట్టము శిక్షణకును పరిశోధనకును ధనమిచ్చెను. దానితో అనేక విశ్వవిద్యాలయములలో ఈ శాఖలు వెలసినవి. 1955లో రస్క్ ప్రపంచ పునరావాస నిధిని స్థాపించి, ఇతర దేశముల వైద్యులు శిక్షణ పొందుటకు దారి చేసెను.

న్యూయార్కు నుండి వేలూరునకు

ఆ విధముగ న్యూయార్కునకు పోయినవారిలో భారతీయ వైద్యురాలు మేరీ వర్గీస్ ఒకరు. ఆమె 1925లో కొచ్చిన్ ప్రాంతములో జన్మించి, మన చిత్తూరు జిల్లాకు పొరుగుననే యున్న వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చదివెను. 1954లో జరిగిన కారు ప్రమాదమున ఆమె వెన్నుపాము దెబ్బతిని రెండు కాళ్లు పడిపోయెను. అప్పటికి ఆమె యువ వైద్యురాలు.

అదే కళాశాలలో డాక్టరు పాల్ బ్రాండ్ 1940 దశకపు చివరినుండి కుష్ఠురోగుల వంకరపోయిన చేతులను సరిచేయుచుండెను. పనిచేయుచున్న కండరపు స్నాయువును తీసి పనిచేయని వ్రేళ్లకు అతికించుట ఆయన విధానము. కుష్ఠురోగుల వ్రేళ్లు అరిగిపోవుటకు ముఖ్యకారణము రోగము తినివేయుట కాదనియు, స్పర్శ లేకపోవుటవలన తెలియక తగులు దెబ్బలు, కాలిన గాయములే యనియు ఆయన చూపెను. చేతి శస్త్రచికిత్స కూర్చుండి చేయవచ్చును. కావున మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. తరువాత ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరములో తాను పునరావాస చికిత్స పొంది, ఆ పిమ్మట న్యూయార్కులో రస్క్ సంస్థలో ఆ విద్యను అభ్యసించెను. తిరిగి వచ్చి వేలూరులో ఈ శాఖకు నాయకత్వము వహించెను. 1966లో వేలూరు సమీపమున బాగాయములో పునరావాస సంస్థ తెరువబడెను. 1972లో ప్రభుత్వము ఆమెను పద్మశ్రీతో సత్కరించెను. 1986లో ఆమె మరణించెను.

న్యూయార్కు పట్టిక వేలూరులో ఉన్నదున్నట్లు పనికిరాదు. అచ్చటి రోగికి కుర్చీ, బల్ల, బస్సు ముఖ్యము. మన పల్లెవానికి నేలమీద పీటపై కూర్చుండుట, పొయ్యి ముందు వంగుట, గట్టుమీద నడచుట, బావి వద్ద నీళ్లు తోడుట ముఖ్యము. చక్రాల కుర్చీ ఇసుక దారిలో సాగదు, గడప దాటదు. రోగి వెంట వచ్చిన తల్లికో భార్యకో శిక్షణ నీయనిచో ఇంటికి చేరిన నెలలోనే పుండ్లు మొదలగును. కనుక విద్య ఒకటే యైనను పట్టికను మాత్రము ఏ దేశమున కా దేశము వ్రాసికొనవలెను.

దీనికి చక్కని నిదర్శనము జైపూరు పాదము. 1960 దశకపు చివరలో జైపూరు సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రి శస్త్రవైద్యుడు ప్రమోద్ కరణ్ సేఠీ, చేతిపనివాడు రామచంద్ర శర్మ కలిసి రబ్బరు పాదమును తయారుచేసిరి. పరదేశపు కృత్రిమ పాదము బూటు లోపల దాగునట్లు చేయబడినది. దానితో గొంతుక్కూర్చుండుట, బాసిపట్టు వేసికొనుట సాధ్యము కాదు. బూటు లేక నడచినచో అది త్వరలో పాడగును. జైపూరు పాదము ఒట్టి కాలితో నడచుటకు, నేలపై కూర్చుండుటకు, పొలములో తడి నేలపై పని చేయుటకు తగినట్లు వంగును. సేఠీకి 1981లో మెగసెసే బహుమానము వచ్చెను. బడి చదువు పెద్దగ లేని రామచంద్ర శర్మ చేతి నేర్పు లేనిదే ఆ పాదము పుట్టియుండెడిది కాదు.

నిలిచినది ఏమి?

1951 నాటి న్యూయార్కు భవనము ఇప్పుడు లేదు. ఐనను ఆ విశ్వవిద్యాలయపు పునరావాస శాఖ నేటికిని రస్క్ పేరుతోనే పనిచేయుచున్నది. రస్క్ 1989లో మరణించెను. మన దేశములో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో కనబడినది. 2014లో మన ప్రాంతము పోలియో రహితమని ధ్రువీకరింపబడెను. ఒక రోగము పోయినను ఈ శాఖకు పని తగ్గలేదు. రోడ్డు ప్రమాదములు, పక్షవాతము, మధుమేహమువలన కాలు కోల్పోవుట, ముసలితనపు బలహీనత, వీనివలన పని పెరుగుచునే యున్నది. ప్రాణములు కాపాడు మొదటి రెండు మెట్లు ఎంత విజయము సాధించిన, మూడవ మెట్టుపైకి అంత యెక్కువ మంది చేరుదురు.

చట్టము కూడ కొంత ముందుకు వచ్చినది. 1995 నాటి చట్టము 7 విధముల వైకల్యములను గుర్తించగా, 2016 నాటి చట్టము 21 విధములను గుర్తించినది. బడులలో చేర్చుకొనుట, భవనములకు వాలుదారి ఏర్పరచుట దానిలో చేరినవి. చట్టపు మాట బడి గడపవరకు వచ్చుట ఉపాధ్యాయుల శ్రద్ధను బట్టి యుండును.

కనుక తరగతిలో ఒక చిన్న పని చేయింపవచ్చును. ప్రతి విద్యార్థియు ఒక చేతిని వీపు వెనుకకు పెట్టుకొని చొక్కా బొత్తాములు విప్పి తిరిగి పెట్టుకొనవలెను. సంచినుండి పుస్తకము తీసి పేరు వ్రాయవలెను. ఎన్ని నిమిషములు పట్టినదో, ఏ ఉపాయము కనుగొనిరో వ్రాసికొనవలెను. తరువాత బడి ఆవరణమంతయు తిరిగి, చక్రాల కుర్చీలో వచ్చు విద్యార్థికి ఎచ్చట దారి ఆగునో పట్టిక వేయవలెను. నీళ్ల కుళాయి ఎత్తెంత, మరుగుదొడ్డి తలుపు వెడల్పెంత, మెట్లెన్ని అని కొలువవలెను. డీవర్, బ్రౌన్ 1945లో చేసినదియు ఇట్టి పట్టికయే. దానిలో ‘చేయలేడు’ అని గుర్తుపెట్టిన ప్రతి గడియు మనము చేయవలసిన పనిని తెలుపును.